జ్వరము తగ్గిన పిదప జ్ఞాపకశక్తి మందగించుట
జీవకణముల వార్ధక్యము, మెదడు ఆరోగ్యము

ఒక పట్టణములో కిరాణా దుకాణము నడుపుకొనుచున్న 60 ఏండ్ల గృహస్థు నొకరిని ఊహింపవచ్చును. ఇరువది సరుకుల వెలలను కాగితము ముట్టకుండ నోటిలెక్కతో కూడి చెప్పగల దిట్ట ఆయన. ఒకనాడు వైరస్ జ్వరము సోకి పదిదినములు మంచము పట్టెను. జ్వరము తగ్గినది, ఆకలి కలిగినది, మరల దుకాణమునకు పోయి గల్లాపెట్టె ముందు కూర్చుండెను. కాని లెక్క నడుమ తప్పిపోవుచున్నది. ఏండ్ల తరబడి వచ్చుచున్న ఖాతాదారుని పేరు నాలుక చివరి వరకు వచ్చి నిలిచిపోవుచున్నది. మధ్యాహ్నమగునప్పటికి తల బరువెక్కి, వినుచున్న మాట చెవికి చేరినను మనస్సుకు చేరుట లేదు.

రెండుమాసములు గడచెను. కుమారుడు "నాన్నగారూ, మీకు వయసు మీరినది, ఇక విశ్రాంతి తీసికొనుడు" అని తాళపుచెవులు తీసికొనెను. ఇరుగుపొరుగువారు "జ్వరము ఎన్నడో దిగినది గదా, ఇది వట్టి సోమరితనము" అనిరి. ఆయన మాత్రము, తనకు మతిపోవు రోగము పట్టినదనియు, ఇక కుదురు లేదనియు లోలోపల కుమిలిపోవుచుండెను.

వార్ధక్యము, సోమరితనము, కుదరని రోగము అను ఈ మూడు తీర్పులును తొందరపాటుతో చేసినవే. జ్వరానంతరము వచ్చు ఈ మందత శరీరమునందు నిజముగా జరుగు మార్పుల ఫలితము. అందు కొంతభాగము జీవకణములు అకాలముగా ముదియుటకు సంబంధించినది. ఈ మార్పు లెట్టివో, అందు సవరింపదగిన వెన్నియో, కుటుంబము వారేమి చేయవలెనో వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ బాధ క్రొత్తది కాదు

వైరస్ వ్యాధుల పిదప మెదడు మందగించుట వైద్యులు చిరకాలముగా చూచుచున్న విషయమే. 1918వ సంవత్సరపు ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి తరువాత అనేకులు దీర్ఘకాలము నీరసమునకును మనోవ్యాకులతకును లోనైరి. డెంగ్యూ, చికున్‌గున్యా జ్వరముల నుండి లేచినవారిలో కొందరు మాసముల తరబడి బడలికతో బాధపడుచుందురు.

జపనీస్ మెదడువాపు వ్యాధి మన దేశమునకు బాగుగా పరిచితము. భారతదేశములో మానవులకు ఈ వ్యాధి సోకినట్లు 1955లో వెల్లూరు ప్రాంతమున తొలిసారి గుర్తింపబడెను. 1978లోను, మరల 2005లోను ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాలలో అది ఘోరముగా ప్రబలెను. దోమకాటు వలన వ్యాపించు ఈ వైరస్ నేరుగా మెదడునే దెబ్బతీయును. మెదడువాపు వచ్చి బ్రతికి బయటపడినవారిలో నూటికి 30 నుండి 50 మందికి నాడీమండలమునకో మనస్సుకో సంబంధించిన శాశ్వత లోపములు మిగులవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది.

2020 జనవరి 30వ తేదీన మన దేశములో తొలి కోవిడ్-19 రోగి కేరళ రాష్ట్రమున గుర్తింపబడెను. ఆ వ్యాధి ప్రపంచమంతట వ్యాపించిన పిదప ఈ విషయము సర్వజనులకును అనుభవములోనికి వచ్చెను. వ్యాధి సోకిన మూడుమాసముల నాటికిని లక్షణములు మిగిలి, కనీసము రెండుమాసములపాటు నిలిచి, వాటికి వేరు కారణ మేదియు కనబడనిచో దానిని కోవిడ్ అనంతర స్థితిగా పరిగణింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించెను. ఆ నిర్వచనములో బడలిక, ఆయాసములతోపాటు ఆలోచనాశక్తి మందగించుటయు ముఖ్య లక్షణముగా చేర్చబడినది. అనగా ఇది రోగి కల్పన కాదు. వైద్యశాస్త్రము గుర్తించిన స్థితి.

జీవకణమునకు వార్ధక్యము

మనుష్య శరీరము సుమారు 30 లక్షల కోట్ల జీవకణములతో నిర్మితమైనది. చర్మము, రక్తము, పేగుల లోపొర మొదలగు భాగములలో పాతకణములు నశించుచు, మిగిలినవి విభజన చెంది క్రొత్తకణముల నిచ్చుచుండును. శరీరము నుండి వేరుచేసి పోషించినచో కణములు ఎన్నటికిని విభజన చెందుచునే యుండునని ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున శాస్త్రజ్ఞులు నమ్మిరి. 1961లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున లియోనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ నమ్మకము సరికాదని నిరూపించిరి. సాధారణ మానవ కణములు ఇంచుమించు 50 పర్యాయములు విభజన చెందిన పిదప ఆగిపోవును. అవి మరణింపవు, కాని మరల విభజన చెందవు. ఇదియే జీవకణ వార్ధక్యము.

ఇందులకు గల కారణములలో ఒకటి తరువాత తెలియవచ్చెను. కణములోని వంశసూత్రములను మోయు క్రోమోజోముల కొసలయందు టెలోమియర్ అను రక్షణభాగము కలదు. చేదతాడు కొస పీచులు విడిపోకుండ వేసిన ముడి వంటిది ఇది. కణము విభజన చెందిన ప్రతిసారియు ఈ ముడి కొంత అరిగిపోవును. అది మిక్కిలి అరిగినప్పుడు కణము తన విభజనను తానే నిలిపివేయును. ఈ రక్షణభాగమును గూర్చిన పరిశోధనలకు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కారల్ గ్రైడర్, జాక్ షోస్టాక్ అను మువ్వురకు 2009లో నోబెల్ బహుమానము లభించెను.

అయితే అరుగుదల యొక్కటియే కారణము కాదు. వంశసూత్రములకు గాయమైనను, కణములోని శక్తి ఉత్పాదక భాగములు చెడినను, కణము వయస్సుతో పని లేకుండ హఠాత్తుగా వార్ధక్య స్థితిలోనికి పోగలదు. ఇది ఒకవిధముగా శరీరమునకు మేలే. గాయపడిన కణము విచ్చలవిడిగా విభజన చెందినచో క్యాన్సరు పుట్టుటకు అవకాశ మున్నది. కావున ప్రకృతి దానిని ఆపివేయుచున్నది. సాధారణముగా రోగనిరోధక కణములు వచ్చి అట్టి ముదుసలి కణములను ఏరివేయును.

చిక్కంతయు అట్లు ఏరివేయబడక మిగిలిపోవు కణముల వలననే కలుగుచున్నది. ఆరీ ఆరని పిడక ఇల్లంతయు పొగతో నింపునట్లు, ఇవి తమ చుట్టును శోథము కలిగించు పదార్థములను వెలువరించుచుండును. శోథమనగా గాయమైనచోట ఎఱ్ఱదనము, వాపు, వేడిమి కలిగించు శరీర ప్రతిక్రియ. గాయము మానువరకు అది అవసరము. మానిన పిదపను చల్లారక సన్నగా రగులుచుండినచో, ప్రక్కనున్న ఆరోగ్యకణములు కూడ ముదియ నారంభించును. వయస్సు పెరిగినకొలది ఇట్టి కణములు పెరుగుట, వాటిని ఏరివేయు శక్తి తగ్గుట రెండును జరుగును. పెద్దవారికి వ్యాధులు ఎక్కువ బాధ కలిగించుటకు ఇది యొక ముఖ్యకారణము.

వైరస్ చేయు పని

వైరస్ తనంతట తాను వృద్ధి పొందజాలదు. జీవకణములోనికి చొరబడి, ఆ కణములోని యంత్రాంగమును తన సంతతి ఉత్పత్తికి వినియోగించుకొనును. ఈ దోపిడిలో కణమునకు తీవ్రమైన ఒత్తిడి కలుగును. కొన్ని కణములు నశించును. కొన్ని బ్రతికినను వార్ధక్య స్థితిలో పడిపోవును. 2021లో బెర్లిన్ నగరపు పరిశోధకులు మరికొందరితో కలిసి ప్రకటించిన పరిశోధనలో, కోవిడ్ వైరస్‌తోపాటు మరికొన్ని వైరస్‌లు సోకిన కణములు ఈ విధముగా అకాలముగా ముదియుననియు, అవి వెలువరించు పదార్థములు శోథమును పెంచుననియు కనుగొనబడెను.

ఇక మెదడు విషయము. నాడీకణములలో అత్యధికభాగము పుట్టుక నుండి మరణము వరకు విభజన చెందక నిలిచియుండును. కాబట్టి విభజన వలన కలుగు అరుగుదల వాటికి ముఖ్యము కాదు. కాని నాడీకణములు ఒంటరిగా జీవింపజాలవు. వాటికి ఆహార మందించు కణములు, కావలికాయు కణములు, రక్తనాళముల లోపొరను నిర్మించిన కణములు చుట్టును కలవు. ఈ సహాయక కణములు ముదిసినను, అలజడికి లోనైనను నాడీకణముల పని కుంటుపడును.

జపనీస్ మెదడువాపు వైరస్ వలె మెదడులోనికి నేరుగా ప్రవేశించునవి కొన్ని మాత్రమే. తక్కిన అనేక వైరస్‌లు మెదడు ముట్టకయే దానికి హాని చేయగలవు. ఊపిరితిత్తులలో పుట్టిన శోథకారక పదార్థములు రక్తముద్వారా ప్రయాణము చేయును. మెదడు రక్తనాళములకు గల గట్టి కట్టుబడి వాటి వలన కొంత వదులగును. మెదడులోని మైక్రోగ్లియా అను కావలి కణములు మేల్కొని, అవసరము తీరిన పిదపను శాంతింపక యుండవచ్చును. సన్నని రక్తనాళములలో రక్తము గడ్డకట్టుట, తీవ్రవ్యాధిలో ప్రాణవాయువు కొరత, నిద్ర చెడుట, దీర్ఘకాలము మంచమున నుండుట అనునవి ఇందులకు తోడగును. ఒక్కొక్క రోగియందు ఒక్కొక్క కారణము ప్రధానముగా నుండును. అందువలననే బాధయు అందరికి ఒకే రీతిగా నుండదు.

పరిశోధనలు తెలిపినవి

ఇంగ్లండులో మహమ్మారికి ముందే వేలమంది మెదడు ఛాయాచిత్రములు తీసి భద్రపరచి యుండిరి. అందు 51 నుండి 81 ఏండ్ల వయస్సుగల 785 మందికి రెండవసారి ఛాయాచిత్రములు తీసి, ఆ ఫలితములను 2022లో ప్రకటించిరి. వీరిలో 401 మందికి ఆ మధ్యకాలమున కోవిడ్ సోకెను. తక్కినవారికి సోకలేదు. వయస్సుతో మెదడు కొంత తగ్గుట అందరికిని సహజమే. కాని వ్యాధి సోకినవారిలో వాసనకును జ్ఞాపకమునకును సంబంధించిన కొన్ని భాగములు సగటున 0.2 నుండి 2 శాతము వరకు అదనముగా తగ్గినట్లు కనబడెను. వారిలో చాలమంది ఆసుపత్రిలో చేరనంతటి స్వల్పవ్యాధి పొందినవారే.

తీవ్రమైన కోవిడ్ వ్యాధితో మరణించినవారి మెదడు ముందుభాగమును పరీక్షించి 2022 చివర అమెరికా పరిశోధకులు మరియొక విషయము ప్రకటించిరి. ఆ కణములలో జన్యువులు పనిచేయు తీరు, వయస్సు మీరినవారి మెదడులో కనబడు తీరును పోలియుండెను. అయితే ఇది మిక్కిలి తీవ్రముగా జబ్బుపడినవారిని గూర్చిన విషయము. స్వల్పజ్వరము వచ్చి తగ్గినవారికి దీనిని అన్వయించి భయపడరాదు.

ఆశాజనకమైన విషయము 2024లో ప్రకటింపబడిన మరియొక పరిశీలనలో కలదు. ఇంగ్లండులో 1,12,000 మందికి పైగా జ్ఞాపకశక్తి, తర్కశక్తి మొదలగువానిని పరీక్షించిరి. వ్యాధి సోకి స్వల్పకాలములో కోలుకొన్నవారికి, వ్యాధి సోకనివారితో పోల్చినప్పుడు, బుద్ధిపరీక్ష మార్కులలో సుమారు 3 మార్కులకు సమానమైన లోటు కనబడెను. లక్షణములు వదలక బాధించుచున్నవారికి ఈ లోటు సుమారు 6, తీవ్రచికిత్సా విభాగములో చేరినవారికి సుమారు 9 మార్కులకు సమానము. కాని దీర్ఘకాలము బాధపడినను తుదకు లక్షణములు తగ్గిపోయినవారి లోటు, త్వరగా కోలుకొన్నవారి స్వల్పపు లోటుతో ఇంచుమించు సమానముగ నుండెను. మందత స్థిరమని తలపనక్కరలేదనుటకు ఇది మంచి సూచన.

మూడు అపోహలకు సమాధానము

కుమారుడు తలచినట్లు ఇది కేవలము వయోధర్మము కాదు. ముప్పది, నలువది యేండ్ల వారికిని ఈ బాధ కలుగుచున్నది. వార్ధక్యము మెల్లమెల్లగా ఏండ్ల తరబడి వచ్చును. ఇది జ్వరముతో మొదలైనదని రోగియు, చూచువారును తేదీతో సహా చెప్పగలరు.

ఇరుగుపొరుగువారు తలచినట్లు సోమరితనమును కాదు. సోమరి పని తప్పించుకొనుటకు చూచును. ఈ రోగి పని చేయగోరి చేయలేక బాధపడును. కొంచెము శ్రమించిన మరునాడు బడలిక రెట్టింపగుట ఈ స్థితియందు తరచుగా కనబడు లక్షణము. అట్టివానిని నిందించినచో శక్తికి మించి శ్రమించి మరింత క్రుంగిపోవును.

రోగి భయపడినట్లు ఇది డిమెన్షియా అను మతిక్షయ వ్యాధియు కాకపోవచ్చును. డిమెన్షియా సాధారణముగా మెల్లగా మొదలై ముదురుచు పోవును. అందు తనకు మరపు కలుగుచున్నదన్న స్పృహ తరచు రోగికంటె ఇంటివారికే ముందు కలుగును. జ్వరానంతర మందతలో రోగియే తన లోటును స్పష్టముగా వర్ణించును. మంచిదినములు, చెడుదినములు మారుచుండును. కాలక్రమమున పెక్కుమందికి మెరుగగును. అయినను ఈ భేదమును నిర్ణయింపవలసినది వైద్యుడే. మన దేశములో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి సుమారు 7 మందికి, అనగా 88 లక్షల మందికి, డిమెన్షియా ఉండవచ్చునని 2023లో ప్రకటింపబడిన అంచనా తెలుపుచున్నది. కావున పెద్దవారి మరపును తేలికగా త్రోసివేయుటయు తగదు.

వైద్యుని కెప్పుడు చూపవలెను

జ్వరము తగ్గిన పిదప నాలుగు వారములు గడచినను మరపు, ఏకాగ్రత లేమి, విపరీతమైన బడలిక తగ్గనిచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోగాని ప్రభుత్వ ఆసుపత్రిలోగాని వైద్యునికి చూపవలెను. మెదడు మందగించుటకు సులభముగా చికిత్స చేయదగిన కారణములు పెక్కు కలవు. రక్తహీనత, బి12 విటమిను లోపము, థైరాయిడ్ గ్రంథి మందగించుట, మధుమేహము, అధిక రక్తపోటు, దిగులు, నిద్రలేమి, నిద్రలో ఊపిరి ఆగుచుండుట మొదలైనవి అందు ముఖ్యములు. మాంసాహారము తీసికొననివారిలో బి12 లోపము తరచుగా కనబడును. ఇవి వైరస్ వ్యాధికి పూర్వమే దాగియుండి, జ్వరానంతరము బయటపడవచ్చును. సామాన్యమైన రక్తపరీక్షలతో వీటిలో చాలవాటిని కనుగొనవచ్చును.

రోగి వాడుచున్న మందులన్నిటిని వైద్యునికి చూపుట అవసరము. నిద్రమాత్రలు, దురదకును జలుబునకును వాడు కొన్ని పాతరకపు మాత్రలు పెద్దవారి మెదడును మందగింపజేయును. దుకాణములో అడిగి తెచ్చుకొన్న మాత్రయే మరపునకు కారణమైన సందర్భములు లేకపోలేదు.

కొన్ని లక్షణములు కనబడినప్పుడు ఒక్క గడియయు ఆలస్యము చేయరాదు. మూతి ఒకవైపు వంకరపోవుట, మాట తడబడుట, ఒక చేయిగాని కాలుగాని చచ్చుబడుట, మూర్ఛ, తీవ్రమైన తలనొప్పితో వాంతులు, జ్వరములో హఠాత్తుగా మనుష్యులను పోల్చుకొనలేకపోవుట అట్టివి. పెద్దవారు జ్వరములో పొంతనలేని మాటలాడినప్పుడు "జ్వరపు పలవరింత" అని ఊరకుండుట ప్రమాదకరము. అది మెదడు ఆపదలో నున్నదని తెలుపు సంకేతము.

ఇంట పాటింపవలసినవి

ముదిసిన కణములను ఒక్క పెట్టున తొలగించు మందు లేకున్నను, రగులుచున్న శోథమును తగ్గించి మెదడు కోలుకొనుటకు తోడ్పడు మార్గములు కలవు. ఇవి ఖర్చులేనివి, కాని ఓర్పుతో పాటింపవలసినవి.

నిద్ర. ప్రతిదినము ఒకే వేళకు పరుండి, ఒకే వేళకు లేవవలెను. నిద్రకు ముందు చేతి ఫోను, టెలివిజను ప్రక్కన పెట్టుట, సాయంకాలము పిదప కాఫీ, టీ మానుట మేలు.

శ్రమ. నడక మొదలగు శరీర శ్రమ రక్తనాళములకును మెదడునకును హితకరము. కాని జ్వరానంతర బడలిక గలవారు దీనిని మెల్లగా పెంచవలెను. మొదట ఇంటి వాకిటనే పది నిమిషములు నడచి, మరునాడు బాధ హెచ్చనిచో కొద్దికొద్దిగా పెంచవచ్చును. బాధ హెచ్చినచో తగ్గింపవలెను. "ఓర్చుకొని నడిచినచో అదే పోవును" అని బలవంతము చేయరాదు.

పని. కఠినమైన పనులను ఒంట్లో ఓపికయున్న వేళ, సాధారణముగా ఉదయము, చేసికొనవలెను. ఒకసారి ఒక పనియే పెట్టుకొనవలెను. చేయవలసిన పనులను పుస్తకములో వ్రాసికొనుట, తాళపుచెవులు, కళ్ళజోడు, మందులు నిత్యము ఒకేచోట నుంచుట అవమానము కాదు. విరిగిన కాలికి ఊతకఱ్ఱ ఎట్టిదో అలసిన మెదడుకు ఇదియు అట్టిదే.

ఆహారము. పప్పుధాన్యములు, ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు, పాలు, అలవాటున్నవారు గ్రుడ్లు, చేపలు తీసికొనవలెను. ఉప్పు, పంచదార, నూనెలో వేచిన చిరుతిండ్లు తగ్గింపవలెను. పొగాకును ఏ రూపమునను వాడరాదు. మద్యము కోలుకొనుచున్న మెదడుకు హానికరము.

రక్తపోటు, మధుమేహము. ఈ రెండింటిని అదుపులో నుంచుట మెదడు రక్షణలో అతిముఖ్యమైన పని. బాగున్నదని తోచినను మందు మానరాదు.

సాంగత్యము. మాటలు, కుటుంబవ్యవహారములు, భజన, పత్రికాపఠనము, పిల్లలకు కథలు చెప్పుట మెదడుకు మంచి వ్యాయామములు. చెవులు సరిగా వినబడనిచో, చూపు మందగించినచో వానికి చికిత్స చేయింపవలెను. వినబడనివాడు సంభాషణకు దూరమగును. దూరమైనవాని మెదడుకు పని తగ్గును. వినికిడి లోపము, చూపు లోపము, ఒంటరితనము, రక్తపోటు, మధుమేహము, పొగత్రాగుట మొదలగు 14 కారణములను సవరింపగలిగినచో, ప్రపంచములోని డిమెన్షియాలో ఇంచుమించు 45 శాతమును నివారించుటకు గాని వాయిదా వేయుటకు గాని వీలగునని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము తెలిపెను.

మనస్సు దిగులుతో క్రుంగినచో దాచుకొనరాదు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభించిన టెలీ-మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును.

మోసపు మందులు

ముదిసిన కణములను ఏరివేయు మందులను గూర్చి శాస్త్రజ్ఞులు ముమ్మరముగా పరిశోధించుచున్నారు. 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రయోగశాలలో పెంచిన మెదడు కణసముదాయములపైనను, వ్యాధి సోకిన ఎలుకలపైనను ఇట్టి మందులు ప్రయోగించి కొంత మేలు కనుగొనిరి. కాని ఎలుకలలో కనబడిన మేలు మనుష్యులలో కనబడుననుటకు హామీ లేదు. ఈ మందులలో కొన్ని క్యాన్సరు చికిత్సకై వాడు తీవ్రమైన ఔషధములు. జ్వరానంతర మరపును పోగొట్టునని నిరూపింపబడి, ఈ పనికని వైద్యులు వ్రాయదగిన మందు ఇంకను రాలేదు. కావున "కణములకు యౌవనము తెచ్చును", "పదిదినములలో జ్ఞాపకశక్తి రెట్టింపగును" అను ప్రకటనలను నమ్మి ధనమును, ఆరోగ్యమును పోగొట్టుకొనరాదు. ఆ ధనముతో కొన్న పండ్లు, కూరగాయలు అంతకంటె మేలు చేయును.

నివారణ

సోకని వైరస్ కణములను ముదిమి పాలు చేయజాలదు. చేతులు కడుగుకొనుట, దగ్గునప్పుడు నోరు కప్పుకొనుట, గాలి వెలుతురు గల ఇండ్లు, నీరు నిలువకుండ చూచి దోమలను అరికట్టుట, దోమతెర వాడుట సామాన్యముగా కనబడినను మెదడును కూడ కాపాడు పనులే. జపనీస్ మెదడువాపు ప్రబలు జిల్లాలలో పిల్లలకు ప్రభుత్వము టీకా వేయించుచున్నది. తల్లిదండ్రులు దానిని తప్పక వేయింపవలెను.

టీకాల వలన మెదడుకు మరియొక మేలు కూడ కలుగునేమో అని శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. బ్రిటనులోని వేల్స్ ప్రాంతమున 2013 సెప్టెంబరు 1వ తేదీ నుండి పెద్దవారికి వైరస్ వలన కలుగు సర్పి వ్యాధి నివారణకు టీకా ఇచ్చిరి. పుట్టినతేదీని బట్టి కొందరికి టీకా అర్హత కలిగెను, కొందరికి కలుగలేదు. వీరిని పోల్చి 2025లో ప్రకటించిన పరిశోధనలో, టీకా తీసికొన్నవారికి తరువాతి ఏడేండ్లలో డిమెన్షియా వచ్చుట సుమారు ఐదవవంతు తగ్గినట్లు తేలెను. కారణ మింకను పరిశీలనలో నున్నది. అయినను వైరస్ వ్యాధులను నివారించుట మెదడుకు మేలన్న అభిప్రాయమునకు ఇది బలము చేకూర్చుచున్నది.

ఇంటివారి బాధ్యత

తొలుత చెప్పిన దుకాణదారునకు చేయదగిన సాయమేమి? కుమారుడు ఆయనను వైద్యునికి చూపవలెను. రక్తపోటు, మధుమేహము, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించి, లోపమున్న దానికి చికిత్స చేయింపవలెను. అటుపిమ్మట తాళపుచెవులను తిరిగి ఆయన చేతికే ఈయవలెను. కాని ఒక్కసారిగా కాదు. మొదట ఉదయము ఒక గంట, రద్దీ లేని వేళ, కాగితము కలము దగ్గరనుంచుకొని లెక్క చూచుకొనవచ్చును. నోటిలెక్క తరువాత రావచ్చును. తప్పినచో కుమారుడు నలుగురిలో నవ్వక, మెల్లగా సరిదిద్దవలెను. రెండు వారములకు ఒకమారు పనివేళ కొంచెము పెంచవచ్చును. ఏ దినము ఎంతసేపు పనిచేసెనో, మరునాడు ఒళ్ళు ఎట్లుండెనో వ్రాసియుంచినచో వైద్యునికి అది మిక్కిలి ఉపయోగపడును.

పని పూర్తిగా మాన్పించుట దయ వలె కనబడును గాని, అది మెదడుకు ఆహారము మాన్పించుట వంటిది. అతిగా పనిచేయించుట క్రూరత్వము. ఈ రెంటి నడుమ కొలత తప్పని దారి పట్టుట కుటుంబము వారి నేర్పు. అందరును మునుపటివలె పూర్తిగా కోలుకొందురని చెప్పజాలము. కొందరికి కొంత లోటు మిగులవచ్చును. కాని ఆ లోటుతోనే గౌరవముగా పనిచేసికొని బ్రతుకుటకు తోడ్పడుట సాధ్యమే.

జీవకణముల వార్ధక్యమును పూర్తిగా ఆపుట మానవునికి ఇంకను సాధ్యము కాలేదు. దానిని వేగిరపరచు వ్యాధులను దూరముంచుట, పొగాకు మానుట, రక్తపోటును అదుపులో నుంచుట, జబ్బుపడి లేచినవారిని నిందింపక ఓర్పుతో ఆదుకొనుట మాత్రము ప్రతి కుటుంబమునకును నేడే సాధ్యములు.